ముందు గైడ్, తర్వాతే ఫారం: అభివృద్ధి చెందుతున్న దేశాల మహిళా శాస్త్రవేత్తలకు పరిశోధన ఫెలోషిప్‌లు

ఎమ్మెస్సీ అయిపోయింది. పరిశోధన చేయాలని గట్టిగా ఉంది. కానీ సొంత దేశంలో సరైన ల్యాబ్ లేదు, ఉన్నా ఆ విషయంలో గైడ్ లేరు, రెండూ ఉన్నా డబ్బు లేదు. ఈ పరిస్థితిలో ఉన్న మహిళల కోసమే కొన్ని అంతర్జాతీయ ఫెలోషిప్‌లు నడుస్తున్నాయి. యునెస్కో లెక్క ప్రకారం ప్రపంచంలోని పరిశోధకుల్లో మహిళలు దాదాపు మూడో వంతే. ఆ అంతరం తగ్గాలంటే ఈ ఫెలోషిప్‌లు నిజంగా అవసరమైనవాళ్ళకి చేరాలి.

చేరకపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ప్రతిభ తక్కువ కావడం కాదు. చాలామందికి ప్రకటన కంటపడేది చివరి తేదీ దగ్గరపడ్డాక. మిగిలిన రోజుల్లో ఫారం నింపొచ్చు, సర్టిఫికెట్లు స్కాన్ చేయొచ్చు, ఉద్దేశ లేఖ కూడా రాసేయొచ్చు. కుదరనిది ఒక్కటే: వేరే దేశంలో ఉన్న ఒక ప్రొఫెసర్ మీ పని చదివి, నమ్మి, ‘ఈమెను నా ల్యాబ్‌లో చేర్చుకుంటాను’ అని సంతకం చేసి ఇచ్చే లేఖ. ఆ లేఖ లేకపోతే ముఖ్యమైన ఫెలోషిప్‌లలో మీ దరఖాస్తును చూడనే చూడరు. అందుకే ఇక్కడ ఫారం సంగతి చివర్లో వస్తుంది.

1. మీకు ఏది వర్తిస్తుందో తేల్చుకోండి

మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: మీది ఏ దేశ పౌరసత్వం? ఇప్పుడు ఏ దశలో ఉన్నారు? పరిశోధన ఎక్కడ చేయాలనుకుంటున్నారు? వీటిని బట్టి చాలా ఫెలోషిప్‌లు వాటంతటవే పక్కకు పోతాయి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఓడబ్ల్యూఎస్‌డీ గురించి. పూర్తి పేరు ఆర్గనైజేషన్ ఫర్ విమెన్ ఇన్ సైన్స్ ఫర్ ద డెవలపింగ్ వరల్డ్. 1993లో కైరోలో లాంఛనంగా మొదలైన ఈ సంస్థ కార్యాలయం ఇటలీలోని ట్రియెస్టేలో, ప్రపంచ విజ్ఞాన అకాడమీ ‘ట్వాస్’ ప్రాంగణంలో ఉంది. యునెస్కో కార్యక్రమాల్లో ఇది భాగం. స్వీడన్ ప్రభుత్వ అభివృద్ధి సహకార సంస్థ ‘సీడా’ నిధులతో 1990ల చివరి నుంచి పీహెచ్‌డీ ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చింది.

ఇందులో రెండు షరతులు చాలామందిని ఆశ్చర్యపరుస్తాయి. ఒకటి, అభివృద్ధి చెందుతున్న దేశాలన్నిటికీ ఇది వర్తించదు. శాస్త్ర సాంకేతిక రంగాల్లో వెనుకబడిన దేశాలంటూ సంస్థ ఒక జాబితా పెట్టుకుంది. నేపాల్, బంగ్లాదేశ్, ఇథియోపియా లాంటివి అందులో ఉన్నాయి. భారత్ లేదు. రెండోది, చదవబోయే దేశం కూడా అభివృద్ధి చెందుతున్నదే అయ్యుండాలి, అది మీ సొంత దేశం కాకూడదు. అంటే భారత పౌరురాలికి ఈ పీహెచ్‌డీ ఫెలోషిప్ రాదు గానీ, భారత్‌లోని ల్యాబ్ నేపాల్ నుంచో ఇథియోపియా నుంచో వచ్చే విద్యార్థినికి ఆతిథ్యం ఇవ్వగలదు. ఇది చదువుతున్న మీరు ప్రొఫెసర్ అయితే, మీకొచ్చే అలాంటి మెయిల్‌కి దయచేసి జవాబు ఇవ్వండి. ‘కుదరదు’ అన్న జవాబైనా ఆ అమ్మాయికి నెల రోజుల ఎదురుచూపు తప్పిస్తుంది.

యూరప్‌కో అమెరికాకో వెళ్ళాలనుకునేవాళ్ళకి స్లంబర్జే ఫౌండేషన్ వారి ‘ఫ్యాకల్టీ ఫర్ ద ఫ్యూచర్’ ఉంది. 2004లో మొదలైంది. అభివృద్ధి చెందుతున్న దేశాలతోపాటు ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థలున్న దేశాల మహిళలకూ అవకాశం ఉంది కాబట్టి దీని పరిధి పెద్దది. విదేశీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి గానీ పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధనకి) గానీ వాస్తవ ఖర్చును బట్టి ఏడాదికి 50,000 డాలర్ల వరకు ఇస్తూ వచ్చారు. ఇక్కడ మార్కులు, పేపర్లు (ప్రచురించిన పరిశోధన పత్రాలు) మాత్రమే చూడరు. మీరు పాఠాలు చెప్పారా, ఇతర అమ్మాయిలను సైన్స్ వైపు తెచ్చే పని ఏమైనా చేశారా, తిరిగి వెళ్ళి అధ్యాపకురాలిగా నిలబడతారా అన్నవీ చూస్తారు.

అమెరికాలో చదవాలనుకునే, అక్కడి పౌరసత్వం గానీ శాశ్వత నివాసం గానీ లేని మహిళల కోసం ‘అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్’ 1917 నుంచి అంతర్జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చింది. సౌందర్య సాధనాల కంపెనీ లోరియాల్, యునెస్కో కలిసి 1998లో మొదలుపెట్టిన ‘ఫర్ విమెన్ ఇన్ సైన్స్’ కింద దేశాలవారీగా, ప్రాంతాలవారీగా యువ శాస్త్రవేత్తలకు సాయం అందుతుంది. పీహెచ్‌డీ ఇప్పటికే అయిపోయి, పైన చెప్పిన జాబితాలోని దేశంలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఓడబ్ల్యూఎస్‌డీ వారి ‘ఎర్లీ కెరీర్ ఫెలోషిప్’ చూడాలి. కెనడా సంస్థ ఐడీఆర్‌సీ నిధులతో 2018లో మొదలైన ఈ పథకం సొంత దేశంలోనే ల్యాబ్‌ను నిలబెట్టుకోవడానికి రెండేళ్ళలో 50,000 డాలర్ల వరకు ఇచ్చేలా రూపొందింది. ట్వాస్ కూడా వివిధ దేశాల సంస్థలతో కలిసి పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లు నడుపుతుంది. అవి మహిళలకు మాత్రమే కాదు, అయినా వదులుకోవద్దు. అయితే ట్వాస్, ఓడబ్ల్యూఎస్‌డీ పథకాలన్నీ కలిపి ఒక క్యాలెండర్ సంవత్సరంలో సాధారణంగా ఒక్కదానికే దరఖాస్తు చేయనిస్తారు. ఎటు గురిపెట్టాలో ముందే తేల్చుకోవాలి.

నిధులిచ్చేవాళ్ళు మారితే షరతులు మారతాయి, ఒక్కో ఏడాది ప్రకటనే రాకపోవచ్చు. అందుకని పాత ప్రకటనను పట్టుకుని మొదలుపెట్టండి, కానీ దరఖాస్తు చేసే ఏడాది షరతులు సంస్థ అధికారిక సైట్‌లో మళ్ళీ మొదటి నుంచి చదవండి. ఈ సంస్థలేవీ ‘సీటు ఖాయం చేస్తాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని మెసేజ్ పెట్టవు. అలా ఎవరైనా అడిగితే అక్కడితో ఆపేయండి.

2. పూర్తికాల పీహెచ్‌డీయా, శాండ్‌విచ్ పద్ధతా?

ఓడబ్ల్యూఎస్‌డీ పీహెచ్‌డీ ఫెలోషిప్‌ని రెండు రకాలుగా ఇస్తూ వచ్చింది. పూర్తికాలం అంటే ఆతిథ్య దేశంలోనే పీహెచ్‌డీ మొత్తం, నాలుగేళ్ళ వరకు. శాండ్‌విచ్ అంటే సొంత దేశంలోనే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్, పరికరాలో నైపుణ్యమో కావలసిన భాగానికి మాత్రం బయటి ల్యాబ్. అలా ఒకటి నుంచి మూడుసార్లు వెళ్ళొచ్చు. మొదటి విడత కనీసం 6 నెలలు, అన్నీ కలిపి 20 నెలలు దాటకూడదు.

చాలామంది ఆలోచించకుండా పూర్తికాలం ఎంచుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఇప్పటికే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఉన్నవాళ్ళకి, చిన్న పిల్లలున్నవాళ్ళకి, ఫీల్డ్ నమూనాలన్నీ సొంత దేశంలోనే సేకరించాల్సినవాళ్ళకి శాండ్‌విచ్ పద్ధతే మేలు. ఉద్యోగం పోదు, స్థానిక గైడ్‌తో బంధం తెగదు, తిరిగొచ్చాక కొత్తగా చోటు వెతుక్కోనక్కర్లేదు. సొంత దేశంలో ఆ విషయంలో పీహెచ్‌డీ ఇచ్చే విభాగమే లేకపోతే మాత్రం పూర్తికాలం తప్ప దారి లేదు.

ఒక హెచ్చరిక. ముందే ఆతిథ్య దేశానికి చేరిపోయి అక్కడినుంచి దరఖాస్తు చేసేవాళ్ళకి ఓడబ్ల్యూఎస్‌డీ పీహెచ్‌డీ ఫెలోషిప్‌లో అర్హత ఉండదు. ‘ముందు వెళ్దాం, డబ్బు తర్వాత చూసుకుందాం’ అనే ఆలోచన ఇక్కడ ఎదురు తన్నుతుంది.

3. గైడ్‌ని వెతకడం

కనీసం ఏడాది ముందు మొదలుపెట్టండి. విశ్వవిద్యాలయాల ర్యాంకుల జాబితాతో కాదు, పేపర్లతో. మీ థీసిస్‌కి దగ్గరగా గత నాలుగైదేళ్ళలో వచ్చిన పేపర్లు చదివి, వాటిలో అర్హమైన దేశాల నుంచి ఎవరు రాశారో రాసుకోండి. పేపర్‌లో చివరి పేరు చాలా రంగాల్లో ల్యాబ్ అధిపతిది. మొదటి పేరు ఎక్కువసార్లు విద్యార్థిది. ఆ విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో చూడండి. నాలుగైదేళ్ళలో డిగ్రీ తీసుకుని మంచి పేపర్లతో బయటపడ్డారా, లేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయారా? ఆ ల్యాబ్‌లో చదివిన విదేశీ విద్యార్థినులు ఉంటే వాళ్ళకి ఒక చిన్న మెయిల్ రాసి అడగండి. గైడ్ ఎంత ప్రసిద్ధుడైనా విద్యార్థులను సరిగ్గా చూడని చోటికి నాలుగేళ్ళ కోసం వెళ్ళకూడదు. ఈ విషయంలో మొహమాటం అస్సలు పనికిరాదు.

మెయిల్ చిన్నదిగా ఉండాలి. ‘గౌరవనీయులైన సార్/మేడమ్’ అని ఒకే మెయిల్‌ని యాభై మందికి పంపితే చదివేవాళ్ళకి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇథియోపియా రిఫ్ట్ లోయలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ విషయం మీద పనిచేసిన ఒక అమ్మాయి రాసే మెయిల్ సారం ఇలా ఉండొచ్చు:

‘ప్రొఫెసర్ గారికి, నేను పర్యావరణ రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. రిఫ్ట్ లోయ బావుల నీటిలోని ఫ్లోరైడ్‌ని ఎముకల బొగ్గుతో తొలగించడం నా థీసిస్. మొదట్లో ఫిల్టర్ బాగా పనిచేసింది, తర్వాత త్వరగా బలహీనపడింది. ఆ నీటిలో బైకార్బొనేట్ ఎక్కువగా ఉండటమే దీనికి కారణమని నా అనుమానం. దాన్ని తేల్చడానికి కావలసిన ఉపరితల విశ్లేషణ పరికరాలు మా దగ్గర లేవు. మీరు ఈమధ్య ప్రచురించిన పేపర్‌లోని పద్ధతి ఈ ప్రశ్నకు నేరుగా పనికొస్తుంది. నా ఖర్చుల కోసం ఫలానా ఫెలోషిప్‌కి దరఖాస్తు చేస్తున్నాను, దానికి మీ సమ్మతి లేఖ అవసరం. మీకు ఆసక్తి ఉంటే రెండు పేజీల ప్రతిపాదన పంపుతాను. సీవీ జతచేశాను.’

ఇందులో పొగడ్త లేదు, జీవిత కథ లేదు. ఏం చేసింది, ఎక్కడ ఆగింది, ఈ ల్యాబే ఎందుకు, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది. ప్రొఫెసర్‌కి కావలసిన నాలుగు సంగతులూ ఉన్నాయి. చివరిది మరిచిపోకండి. విద్యార్థి తన జీవన ఖర్చులు తానే తెచ్చుకుంటుందని తెలిస్తే, నిధులు లేక వెనకాడే గైడ్ కూడా ముందుకొస్తారు.

రెండు వారాలు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకి వెళ్ళండి. ఒప్పుకున్నాక వెంటనే లేఖ అడగకుండా, ప్రతిపాదన మీద వాళ్ళతో కలిసి పనిచేయండి. లేఖ సంస్థ లెటర్‌హెడ్ మీద, తేదీ, సంతకంతో ఉండాలి. అందులో మీ పూర్తి పేరు, పరిశోధన విషయం, ఎన్నాళ్ళు చేర్చుకుంటారు అన్నవి స్పష్టంగా రాయించుకోండి. ట్యూషన్ ఫీజు విషయం అప్పుడే అడిగేయడం మంచిది.

4. పరిశోధన ప్రతిపాదన

ఎంపిక సంఘంలో ఉండేవాళ్ళు శాస్త్రవేత్తలే, కానీ అందరూ మీ సన్నని విషయంలో నిపుణులు కారు. వాళ్ళకి మొదటి పేరాలోనే సమస్య ఏమిటో, మీ ప్రశ్న ఏమిటో తెలియాలి. పైన చెప్పిన ఉదాహరణే తీసుకుందాం. ‘ప్రపంచంలో కోట్లాది మంది సురక్షిత నీరు లేక బాధపడుతున్నారు’ అని మొదలుపెడితే పేరా వృథా. ‘ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఎముకల బొగ్గు ఫిల్టర్లు దాన్ని అందుకుంటాయి గానీ ఎక్కువ కాలం నిలవవు. ఎందుకు నిలవవో నేను తేల్చాలనుకుంటున్నాను’ అంటే చదివే మనిషి అక్కడే మీ వెంట వస్తారు.

ఆపై ప్రశ్నని రెండు మూడు ముక్కలుగా విడగొట్టండి. ఒక్కోదానికి ఏ నమూనాలు, ఎన్ని, ఏ పద్ధతి, ఏ పరికరం, ఏ ఏడాదిలో అన్నది రాయండి. ఫలితం మీరనుకున్నట్టు రాకపోతే ఏం చేస్తారో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. ఇది రాసేవాళ్ళు తక్కువ, అందుకే రాసినవాళ్ళు ప్రత్యేకంగా కనిపిస్తారు. మనుషుల నుంచో జంతువుల నుంచో నమూనాలు తీసుకునే పని అయితే నైతిక అనుమతి ఎవరు, ఎప్పుడు ఇస్తారో రాయాలి. నీరు, మట్టి, విత్తనాలు, సూక్ష్మజీవులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపాలంటే ఎగుమతి, దిగుమతి అనుమతులు కావాలి. వీటికే నెలలు పడుతుంది. ప్రణాళికలో వాటికీ సమయం వదిలితే మీకు పని తెలుసని అర్థమవుతుంది.

పెద్ద పెద్ద వాగ్దానాలు వద్దు. నాలుగేళ్ళలో ఒక మనిషి చేయగలిగినంతే రాయండి. ‘దేశంలో ఫ్లోరైడ్ సమస్యను పరిష్కరిస్తాను’ అన్న వాక్యం మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోగొడుతుంది.

5. ఉద్దేశ లేఖ, తిరిగి రావడం అనే షరతు

ఈ ఫెలోషిప్‌ల ఉద్దేశం ఒక మహిళకు డిగ్రీ ఇవ్వడంతో ఆగదు. ఆమె తిరిగొచ్చి పదిమందికి నేర్పాలి, అక్కడ ల్యాబ్ పెరగాలి. ఓడబ్ల్యూఎస్‌డీ కూడా, ఫ్యాకల్టీ ఫర్ ద ఫ్యూచర్ కూడా తిరిగి వెళ్ళే సంకల్పాన్ని అడుగుతాయి. ‘నా మాతృభూమికి సేవ చేస్తాను’ అని అందరూ రాస్తారు. మీరు తిరిగొచ్చి ఏ విభాగంలో చేరతారు, ఏ కోర్సు మొదలుపెట్టగలరు, అక్కడ లేని ఏ పద్ధతిని నేర్పుతారు అన్నది రాయండి. ప్రస్తుతం పనిచేసే చోటు ఉంటే, తిరిగొచ్చాక తీసుకుంటామని విభాగాధిపతి ఇచ్చే లేఖకి చాలా బరువు ఉంటుంది.

నిజంగా తిరిగి రావాలని లేకపోతే దరఖాస్తు చేయకండి. ఇది కఠినంగా అనిపించొచ్చు. కానీ ఉన్నవి కొన్నే, వాటిలో ఒకటి తీసుకుంటే ఇంకొకరికి ఉండదు. తిరిగి రావాలనే నియమం లేని స్కాలర్‌షిప్‌లు వేరే ఉన్నాయి.

చదువు మధ్యలో ఖాళీ సంవత్సరాలున్నాయా? పెళ్ళి, ప్రసవం, ఇంట్లో పెద్దవాళ్ళ అనారోగ్యం, ఏదైనా సరే, ఒక వాక్యంలో చెప్పి ముందుకెళ్ళండి. దాచాల్సిన పని లేదు, క్షమాపణ అడగాల్సిన పని అంతకన్నా లేదు. ఆ కాలంలో పాఠాలు చెప్పడమో, చిన్న కోర్సు చేయడమో జరిగితే అది కలపండి. ఈ సంఘాల్లో కూర్చునేవాళ్ళకి ఆడవాళ్ళ కెరీర్‌లో ఖాళీలు ఎందుకొస్తాయో బాగా తెలుసు.

6. సిఫారసు లేఖలు

పదవిని చూసి కాదు, మీ పనిని చూసినవాళ్ళని అడగండి. మిమ్మల్ని ఎరగని వైస్ చాన్సలర్ రాసిన నాలుగు మర్యాద వాక్యాల కంటే, ల్యాబ్‌లో మీ పక్కన నిలబడిన లెక్చరర్ రాసే ఒక పేజీ ఎన్నో రెట్లు మేలు. అడిగేటప్పుడు ప్రతిపాదన, సీవీ, చివరి తేదీ, వాళ్ళ దగ్గర మీరు చేసిన పని గుర్తుచేసే నాలుగు పాయింట్లు ఇవ్వండి. ‘మీరే రాసుకుని తీసుకురండి, సంతకం పెడతాను’ అంటే చిక్కే. అలాంటి లేఖలు అన్నీ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్ళు పట్టేస్తారు. ఆ పాయింట్లే చేతికిచ్చి, ‘మీ మాటల్లో రాస్తే నాకు మేలు’ అని మర్యాదగా అడగండి.

7. కాగితాలు

ఎక్కువ టెన్షన్ పెట్టేది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, పెళ్ళయ్యాక పాస్‌పోర్ట్‌లో ఇంకో ఇంటిపేరు, పేపర్‌లో ఇంకో స్పెల్లింగ్. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అన్నిచోట్లా రాయండి. తేడా ఉన్న సర్టిఫికెట్‌కి పెళ్ళి ధ్రువపత్రమో అఫిడవిట్టో జతచేయండి. పాస్‌పోర్ట్ గడువు చూసుకోండి.

డిగ్రీ సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, ఇంగ్లీషులో లేనివాటికి అధికారిక అనువాదాలు, శాండ్‌విచ్ పద్ధతికైతే సొంత సంస్థ నుంచి రిజిస్ట్రేషన్ రుజువు, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం). ప్రతి ఫైల్‌కీ మీ పేరు, పత్రం పేరు పెట్టి సేవ్ చేసుకోండి. చివరి రోజు పోర్టల్ నెమ్మదిస్తుంది, కాబట్టి వారం ముందే సమర్పించండి. పంపేముందు పూర్తి దరఖాస్తు పీడీఎఫ్‌ని సైన్స్ తెలియని ఒకరికి, మీ విషయం తెలిసిన ఒకరికి చూపించండి.

8. డబ్బు లెక్క, ఇంటి లెక్క

ఓడబ్ల్యూఎస్‌డీ పీహెచ్‌డీ ఫెలోషిప్‌లో నెలకు 1,000 డాలర్ల జీవన భత్యం, రానుపోను ప్రయాణం, వీసా ఖర్చు, వైద్య బీమాకి సాయం, ఆతిథ్య సంస్థతో ఒప్పందం మేరకు ఫీజులు, అంతర్జాతీయ సదస్సుకి ప్రత్యేక భత్యం ఉంటూ వచ్చాయి. ఈ భత్యం ఒక మనిషికి సరిపోయేలా లెక్కవేసింది. పిల్లలతో వెళ్ళాలనుకుంటే అద్దె, శిశు సంరక్షణ, వాళ్ళ బీమా విడిగా లెక్కేయండి. మొదటి నెల భత్యం ఖాతాలో పడటానికి ఆలస్యం కావొచ్చు, బ్యాంకు ఖాతా తెరవడానికే వారాలు పడుతుంది. ఆ వ్యవధికి సరిపడా చేతిలో ఉంచుకుని బయల్దేరండి.

ఇంట్లో మాట్లాడటం కూడా దరఖాస్తులో భాగమే అనుకోండి. ఎంపికైన తర్వాత ‘ఇప్పుడు ఎలా పంపిస్తాం’ అనే మాట వినాల్సి వస్తే అది చాలా బాధ, ఆ చోటు ఇంకొకరికీ దక్కకుండా పోతుంది. ఎన్నాళ్ళు, ఎప్పుడెప్పుడు ఇంటికి వస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు, మధ్యలో గర్భం దాలిస్తే ఫెలోషిప్‌ని కొంతకాలం ఆపుకునే వీలుందా అన్నవి ముందే తేల్చుకోండి. ఆ చివరి ప్రశ్న ఫెలోషిప్ కార్యాలయాన్ని నేరుగా అడగండి. అది అడగడం వల్ల మీ అవకాశం తగ్గుతుందేమోనన్న భయం వద్దు. మహిళల కోసమే పెట్టిన కార్యక్రమాలు ఇవి.

9. ఫలితం వచ్చాక

ఎంపికైతే ఒప్పంద పత్రం మొత్తం చదివాకే సంతకం పెట్టండి. ఏటా ఇవ్వాల్సిన ప్రగతి నివేదికల తేదీలు, మధ్యలో ఆతిథ్య దేశం విడిచి వెళ్ళేందుకు తీసుకోవాల్సిన అనుమతి, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్నవి ముఖ్యం. వీసా పని ఆ వారమే మొదలుపెట్టండి. ఆతిథ్య సంస్థలో గైడ్‌తోపాటు విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ఒకరితో, వీలైతే మీ దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థినితో వెళ్ళకముందే పరిచయం చేసుకోండి.

రాకపోతే, అభిప్రాయం ఇస్తారేమో మర్యాదగా అడగండి. ఇచ్చినా ఇవ్వకపోయినా గైడ్‌కి అదే వారం రాయండి: ఈసారి రాలేదు, వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నిస్తాను, ఈలోపు మనం కలిసి ఏదైనా చిన్న పని చేయగలమా? సొంత దేశంలోనే దొరికే పరికరాలతో ఆ ప్రతిపాదనలో ఒక భాగం మొదలుపెట్టి, వచ్చిన తొలి ఫలితాలను గైడ్‌తో కలిసి ఒక చిన్న పేపర్‌గానో సదస్సు పత్రంగానో రాయండి. మరుసటి ఏడాది దరఖాస్తులో అది కొత్త వాక్యం అవుతుంది, గైడ్ ఇచ్చే రెండో లేఖలోనూ ‘ఈమెతో ఏడాదిగా పనిచేస్తున్నాను’ అన్న మాట చేరుతుంది.